పనిచేసే స్పానియల్ కుక్కలలో తల్లిదండ్రుల ఆరోగ్య పరీక్షలు

స్పానియల్ జాతి కుక్కపిల్లను ఎంచుకొనే ముందు దాని తల్లికి, తండ్రికి వంశపారంపర్య వ్యాధులు ఉన్నవో లేవో తెలుసుకొనుటకు చేయు పరీక్షలను తల్లిదండ్రుల ఆరోగ్య పరీక్షలు అంటారు. వీటిలో జన్యు పరీక్షలు, కంటి పరీక్షలు, తుంటి కీళ్ళ ఎక్స్-రే పరీక్షలు ముఖ్యమైనవి. ఎనిమిది వారాల పిల్లను ఎంత జాగ్రత్తగా పరిశీలించినా ఈ వ్యాధులలో చాలావాటి లక్షణాలు కనిపించవు. కొన్ని వ్యాధులు కుక్కకు మూడు, నాలుగు సంవత్సరాలు వచ్చిన తరువాత, మరికొన్ని ఏడెనిమిది సంవత్సరాలకు గాని బయటపడవు. అప్పటికి ఆ కుక్క శిక్షణ పూర్తిచేసుకొని పనిలో ఉంటుంది, లేదా ఇంటిలో ఒక సభ్యునిగా కలిసిపోయి ఉంటుంది. అందువలన పిల్లను చూచుటకంటె ముందు దాని తల్లిదండ్రుల పత్రాలను చూడవలెనని పశువైద్యులు చెబుతారు.

స్పానియల్ జాతులు

స్పానియల్ అనే పేరు స్పెయిన్ దేశము పేరు నుండి వచ్చినదని భావిస్తారు. పొదలలో దాగిన పక్షులను వాసన పట్టి లేపుట, వేటగాడు కొట్టిన పక్షిని నోట కరచుకొని తెచ్చుట వీటి మొదటి పని. పక్షిని ఎగిరేలా చేయునది కనుక ఒక రకానికి స్ప్రింగర్ అని, వుడ్‌కాక్ అనే పక్షి వేటలో వాడబడినది కనుక మరొక రకానికి కాకర్ అని పేర్లు వచ్చాయి. ఒకప్పుడు ఒకే ఈతలో పుట్టిన పిల్లలలో పెద్దవాటిని స్ప్రింగర్లుగా, చిన్నవాటిని కాకర్లుగా పిలిచేవారు. ఇంగ్లండులో కెన్నెల్ క్లబ్ 1873లో ఏర్పడిన తరువాత ఇవి క్రమంగా వేరువేరు జాతులుగా నమోదయ్యాయి.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ జాతులు మరలా రెండు పాయలుగా విడిపోయాయి. ప్రదర్శనల కొరకు పెంచినవి పొడవైన చెవులు, దట్టమైన జుట్టు కలిగి ఉంటాయి. పని కొరకు పెంచినవి తేలికైన శరీరము, పొట్టి జుట్టు, ఎడతెగని చురుకుదనము కలిగి ఉంటాయి. ఈ రెండు పాయలలో కనిపించే వ్యాధులు కూడా కొంతవరకు వేరుగా ఉంటాయి. కాబట్టి ఏ పరీక్షలు అవసరమో పాయను బట్టి నిర్ణయించుకోవాలి.

భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చిన తరువాత వేటకు స్థానము లేదు. ఇక్కడ పనిచేసే స్పానియల్ అనగా ప్రధానంగా వాసన పట్టే జాగిలము. పరిమాణంలో చిన్నది కనుక విమానాశ్రయాలలో, రైలు పెట్టెలలో, వాహనాల సందులలో సులభంగా దూరి వెదకగలదు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము కాకర్ స్పానియళ్ళను ఉపయోగిస్తున్నది. తెలంగాణ పోలీసు జాగిలాలకు మొయినాబాదులోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ ఇస్తారు. అక్కడ లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్ జాతులతో పాటు కాకర్ స్పానియల్ కూడా శిక్షణ పొందినది.

వారసత్వ సూత్రము

కుక్కలో 39 జతల క్రోమోజోములు ఉంటాయి. ప్రతి జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తల్లి నుండి, రెండవది తండ్రి నుండి వస్తుంది. స్పానియళ్ళలో జన్యు పరీక్ష ఉన్న వ్యాధులలో ఎక్కువ భాగము అంతర్గత లక్షణాలు. అనగా రెండు ప్రతులూ దోషపూరితమైనపుడు మాత్రమే వ్యాధి వస్తుంది. ఈ దృష్టితో కుక్కలను మూడు వర్గాలుగా విభజిస్తారు.

* నిర్దోషి: రెండు ప్రతులూ మంచివి. వ్యాధి రాదు, పిల్లలకు దోషాన్ని ఇవ్వదు.
* వాహకము: ఒక ప్రతి మంచిది, ఒకటి దోషపూరితము. తాను ఆరోగ్యంగా ఉంటుంది, కాని పిల్లలలో సగటున సగం వాటికి దోషాన్ని అందిస్తుంది.
* పీడితము: రెండు ప్రతులూ దోషపూరితము. ఆ వ్యాధి వచ్చు అవకాశము ఉన్నది.

వీటి కలయిక ఫలితాలు మెండెల్ సూత్రాలను అనుసరించి ఇలా ఉంటాయి.

* నిర్దోషి, నిర్దోషి: పిల్లలన్నీ నిర్దోషులు.
* నిర్దోషి, వాహకము: సగం నిర్దోషులు, సగం వాహకాలు. పీడితము ఒక్కటీ ఉండదు.
* నిర్దోషి, పీడితము: పిల్లలన్నీ వాహకాలు. పీడితము ఉండదు.
* వాహకము, వాహకము: నాలుగింట ఒక వంతు నిర్దోషులు, సగం వాహకాలు, నాలుగింట ఒక వంతు పీడితములు.
* వాహకము, పీడితము: సగం వాహకాలు, సగం పీడితములు.

దీని నుండి కొనేవారికి ఉపయోగపడే విషయము ఒకటి తేలుతుంది. తల్లిదండ్రులలో కనీసం ఒకటి నిర్దోషి అని రుజువైతే చాలు, ఆ వ్యాధి పిల్లలకు రాదు. రెండవ దాని ఫలితము ఏదైనా ఇబ్బంది లేదు. అయితే పత్రంలో చూపిన తల్లిదండ్రులే నిజమైన తల్లిదండ్రులు కావాలి.

"ఇంతకు ముందు ఈతలో పిల్లలన్నీ బాగున్నాయి, పరీక్ష ఎందుకు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. రెండు వాహకాలకు ఆరు పిల్లలు పుడితే, ఆరింటిలో ఒక్కటి కూడా పీడితము కాకుండా ఉండే అవకాశము సుమారు 18 శాతము. కనుక ఒక ఈత బాగుండుట పరీక్షకు బదులు కాజాలదు. పైగా ఆ పిల్లలు ఇంకా వ్యాధి బయటపడే వయస్సుకు రాకపోయి ఉండవచ్చును.

ముఖ్యమైన జన్యు పరీక్షలు

కుక్క జన్యుపటము 2005లో ప్రచురితమైనది. టాషా అనే బాక్సర్ జాతి ఆడకుక్క జన్యువుల ఆధారంగా దీనిని తయారుచేశారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే స్పానియళ్ళ వ్యాధులకు కారణమైన జన్యువులు ఒక్కొక్కటిగా గుర్తించబడ్డాయి.

క్రమక్షీణ నేత్రపటల వ్యాధి: దీనినే పీఆర్ఏ అంటారు. కాకర్ స్పానియళ్ళలో ముఖ్యంగా పీఆర్‌సీడీ అనే రకము కనిపిస్తుంది. కంటిలోని నేత్రపటలము క్రమంగా క్షీణించి మొదట రాత్రి చూపు, తరువాత పగటి చూపు పోతాయి. నొప్పి ఉండదు. సాధారణంగా మూడు సంవత్సరాల వయస్సు దాటిన తరువాతే లక్షణాలు గమనింపునకు వస్తాయి. ఇంటిలో వస్తువుల స్థానాలు కుక్కకు అలవాటై ఉండుట వలన యజమాని చాలాకాలము గుర్తించలేడు. చికిత్స లేదు. దీని జన్యుదోషాన్ని 2006లో గుర్తించారు. ఇదే దోషము రెటినైటిస్ పిగ్మెంటోసా అనే అంధత్వము గల ఒక మానవ రోగిలో కూడా కనుగొనబడినది. స్ప్రింగర్లలో కార్డ్1 అనే మరొక రకానికి పరీక్ష ఉన్నది. అయితే ఈ రకములో రెండు దోష ప్రతులు ఉన్న కుక్కలన్నీ గుడ్డివి కావు. ఫలితము చదివేటపుడు ఈ భేదము గుర్తుంచుకోవాలి.

వంశపారంపర్య మూత్రపిండ వ్యాధి: ఇంగ్లీషు కాకర్ స్పానియళ్ళలో వచ్చు ఈ వ్యాధిని ఎఫ్ఎన్ అని పిలుస్తారు. మూత్రపిండాలలోని వడపోత పొర సరిగా ఏర్పడదు. ఆరు నెలల నుండి రెండు సంవత్సరాల లోపు మూత్రపిండాలు విఫలమై కుక్క మరణిస్తుంది. అధిక దాహము, బరువు తగ్గుట, వాంతులు లక్షణాలు. కారణమైన సీఓఎల్4ఏ4 జన్యుదోషము 2007లో బయటపడినది. పరీక్షించిన జంటలనే కలుపుట ద్వారా దీనిని పూర్తిగా నివారించవచ్చును.

పాదాల స్పర్శలేమి: దీనినే ఏఎంఎస్ అంటారు. ఇది ముఖ్యంగా పని పాయలోని స్పానియళ్ళలోను, పాయింటర్ జాతులలోను కనిపించే వ్యాధి. పాదాలకు నొప్పి తెలియదు. కొన్ని నెలల వయస్సులోనే పిల్ల తన పాదాలను నాకుట, కొరుకుట ప్రారంభించి గోళ్ళు, వ్రేళ్ళు కోల్పోతుంది. ఎముక విరిగినా కుంటకుండా నడుస్తుంది. దీని జన్యుదోషాన్ని 2016లో ప్రకటించారు. పని పాయ పిల్లను కొనేవారు ఈ పరీక్షను తప్పక అడగాలి.

ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ లోపము: స్ప్రింగర్లలోను, అమెరికన్ కాకర్లలోను కనిపిస్తుంది. పీఎఫ్‌కే లోపము అని క్లుప్తంగా అంటారు. ఎర్ర రక్తకణాలకు, కండరాలకు శక్తినిచ్చే ఎంజైము లోపిస్తుంది. తీవ్ర శ్రమ, ఎండ, అతిగా వగర్చుట లేదా మొరుగుట తరువాత రక్తకణాలు పగిలి మూత్రము ముదురు ఎరుపు రంగులో వస్తుంది, జ్వరము, నీరసము కలుగుతాయి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే తెలుగు ప్రాంతాలలో ఈ పరీక్షకు ప్రత్యేక ప్రాధాన్యము ఉన్నది.

శ్రమ వలన కూలిపోవుట: దీనినే ఈఐసీ అంటారు. లాబ్రడార్లలో ప్రసిద్ధమైన ఈ వ్యాధి స్పానియళ్ళలో కూడా ఉన్నది. కారణమైన డీఎన్ఎమ్1 జన్యుదోషము 2008లో గుర్తించబడినది. అయిదు నుండి ఇరవై నిమిషాల తీవ్ర శ్రమ తరువాత వెనుక కాళ్ళు తూలి కుక్క పడిపోతుంది. దీనిని వడదెబ్బ అని పొరబడే అవకాశము ఉన్నది. వడదెబ్బ తగిలిన కుక్కను వెంటనే చల్లబరచి వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. చల్లని రోజున కూడా పదే పదే పడిపోతే ఈ జన్యు పరీక్ష అవసరము.

ఇతర వ్యాధులు: స్ప్రింగర్లలో ఫ్యూకోసిడోసిస్ అనే నాడీ వ్యాధి ఒకటిన్నర సంవత్సరము నుండి నాలుగు సంవత్సరాల వయస్సులో బయటపడి ప్రాణము తీస్తుంది. కాకర్లలో వయోజన నాడీ వ్యాధి సాధారణంగా ఏడు సంవత్సరాలు దాటిన తరువాత వెనుక కాళ్ళ బలహీనతతో మొదలవుతుంది. రెంటికీ జన్యు పరీక్షలు ఉన్నవి.

శరీర పరీక్షలు

అన్ని వ్యాధులకు జన్యు పరీక్ష లేదు. కొన్నింటిని కుక్కను స్వయంగా పరీక్షించి మాత్రమే తెలుసుకోగలరు.

* కంటి పరీక్ష: నేత్ర నిపుణుడైన పశువైద్యుడు కంటిపాపను విప్పార్చి ప్రత్యేక పరికరాలతో చూస్తాడు. శుక్లాలు, రెప్ప దోషాలు, నేత్రపటల మార్పులు తెలుస్తాయి. సంతానము కొరకు వాడే కుక్కకు దీనిని ఏటా చేయించుట మంచిది. జన్యు పరీక్ష ఒక నిర్ణీత దోషాన్ని మాత్రమే చూపుతుంది కనుక రెండూ అవసరమే.
* గోనియోస్కోపీ: కంటిలోని ద్రవము బయటకు పోయే కోణము మూసుకొని ఉన్నదా అని చూచే పరీక్ష. ఈ లోపము నీటికాసులకు దారి తీస్తుంది. వయస్సుతో కోణము మారవచ్చును కనుక ఒకసారితో వదలక కొన్ని సంవత్సరాలకు ఒకసారి మరలా చేయాలి.
* తుంటి కీలు: మత్తుమందు ఇచ్చి ఎక్స్-రే తీస్తారు. బ్రిటిషు పద్ధతిలో ఒక్కొక్క కీలుకు 0 నుండి 53 వరకు, మొత్తము 106 వరకు అంకెలు ఇస్తారు. అంకె తక్కువైన కొద్దీ కీలు మంచిది. కుక్కకు కనీసం ఒక సంవత్సరము నిండాలి. అమెరికా పద్ధతిలో తుది ధ్రువపత్రానికి రెండు సంవత్సరాలు నిండాలి. తుంటి లోపానికి అనేక జన్యువులతో పాటు పెంపకము కూడా కారణము. పిల్లకు అధిక బరువు, నునుపైన పాలరాతి గచ్చుపై జారుట, చిన్న వయస్సులో మెట్లు ఎక్కి దిగుట మంచివి కావు.
* బ్రూసెల్లా పరీక్ష: ఇది వంశపారంపర్యము కాదు, అంటువ్యాధి. జత కలుపుటకు ముందు ఆడ, మగ రెంటికీ రక్త పరీక్ష చేయాలి. ఇది గర్భస్రావాలకు కారణమవుతుంది, మనుషులకు కూడా సోకగలదు.

మూర్ఛ వ్యాధికి స్పానియళ్ళలో నమ్మదగిన జన్యు పరీక్ష లేదు. తల్లిదండ్రులకు, వాటి తోబుట్టువులకు మూర్ఛ వచ్చినదా అని అడిగి తెలుసుకొనుటయే మార్గము.

వాహకాలను తొలగించవలెనా

వాహకము వ్యాధిగ్రస్తము కాదు. వాహకాలనన్నిటినీ సంతానోత్పత్తి నుండి తొలగిస్తే మంచి వాసనశక్తి, మంచి స్వభావము గల కుక్కలు కూడా పోయి జాతిలోని జన్యు వైవిధ్యము తగ్గిపోతుంది. దాని వలన ఇంతవరకు కనబడని వేరొక దోషము పైకి రావచ్చును. కనుక వాహకాన్ని నిర్దోషితో మాత్రమే కలిపి, పుట్టిన పిల్లలను పరీక్షించి, తరువాతి తరానికి నిర్దోషులను ఎంచుకొనుట సరియైన విధానము. ఇదే కారణంగా దగ్గరి రక్తసంబంధము గల జంటలను కలుపరాదు. తండ్రి, కూతురు లేదా అన్న, చెల్లెలు కలిసినపుడు పుట్టిన పిల్లల అంతఃప్రజనన గుణకము 25 శాతము, సగం తోబుట్టువులైతే 12.5 శాతము ఉంటుంది.

చట్ట నిబంధనలు

జంతు హింస నివారణ చట్టం 1960 క్రింద కుక్కల సంతానోత్పత్తి, విక్రయ నిబంధనలు 2017లో వెలువడ్డాయి. వీటి ప్రకారము పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేయించుకోవాలి. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మరాదు. పదునెనిమిది నెలలు నిండని ఆడకుక్కను సంతానానికి వాడరాదు. జీవితకాలంలో అయిదు ఈతలకు మించరాదు. కుక్కలకు మైక్రోచిప్ అమర్చి, రికార్డులు నిర్వహించాలి. చెన్నై కేంద్రంగా గల కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వంశావళి పత్రాలను జారీ చేస్తుంది. వంశావళి పత్రము జాతిని, పుట్టుకను తెలుపుతుందే గాని ఆరోగ్యాన్ని ధ్రువపరచదు.

విదేశీ వ్యాపార ప్రధాన సంచాలక కార్యాలయము 2016లో కుక్కల దిగుమతిని పెంపుడు కుక్కలకు, పరిశోధనకు, రక్షణ, పోలీసు అవసరాలకు పరిమితము చేసినది. బయటి నుండి కొత్త రక్తము తక్కువగా వచ్చినచోట ఉన్న కొద్ది కుక్కల మధ్యనే సంబంధాలు కలుస్తాయి. అటువంటి పరిస్థితిలో పరీక్షల అవసరము ఎక్కువ అవుతుంది.

హైదరాబాదు, కృష్ణానగర్ ప్రాంతము

యూసఫ్‌గూడను ఆనుకొని, జూబ్లీహిల్స్‌కు, ఫిల్మ్ నగర్‌కు సమీపాన ఉన్న కృష్ణానగర్ తెలుగు చలనచిత్ర రంగంలో పనిచేసే జూనియర్ ఆర్టిస్టులు, సాంకేతిక కార్మికులు అధికంగా నివసించే ప్రాంతము. చిత్రీకరణలో జంతువులను ఉపయోగించుటకు 2001 నాటి ప్రదర్శన జంతువుల నమోదు నిబంధనలు వర్తిస్తాయి. భారత జంతు సంక్షేమ మండలి అనుమతి పత్రము లేనిదే ఆ దృశ్యాలున్న చిత్రానికి సెన్సార్ ధ్రువపత్రము లభించదు. దీపాల వేడిలో, జనసమ్మర్దంలో, సైగను చూచి పనిచేయవలసిన కుక్కకు కూడా జాగిలానికి వలెనే మంచి చూపు, వేడిని తట్టుకొనే శక్తి కావాలి.

ఇరుకు వీధులు, చిన్న ఇళ్ళు గల ఇటువంటి చోట పని పాయ స్పానియల్‌ను పెంచుట సులభము కాదు. దానికి ప్రతిరోజు పరుగు, వెదుకులాట వంటి పని ఉండాలి. వేసవిలో తెల్లవారుజామున లేదా ప్రొద్దు గుంకిన తరువాత మాత్రమే బయట తిప్పాలి. పొడవైన చెవులలో తేమ చేరి చీము పట్టే అవకాశము ఉన్నందున వానాకాలంలో వారానికోసారి చెవులు శుభ్రము చేయాలి.

నగరంలో నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్నాయి. 1946లో ప్రారంభమైన ఆ కళాశాల 2014 నుండి పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగము. జన్యు పరీక్షకు బుగ్గ లోపలి నుండి దూదిపుల్లతో తీసిన నమూనా లేదా కొద్దిపాటి రక్తము చాలును. దానిని ప్రయోగశాలకు పంపవచ్చును. పరీక్ష ఏ వయస్సులోనైనా, జీవితంలో ఒక్కసారి చేస్తే సరిపోతుంది. జాతి కుక్కయే కావలెనన్న పట్టుదల లేనివారికి దత్తత మరొక మార్గము. 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోనే ఉన్నది.

పత్రాలను చదివే విధానము

అమ్మేవారు చూపే టీకాల పుస్తకము ఆరోగ్య పరీక్షా పత్రము కాదు. "డాక్టరు చూశారు" అన్న మాట కూడా కాదు. టీకాల పుస్తకము పిల్లకు పార్వో, డిస్టెంపర్ వంటి అంటువ్యాధుల నుండి రక్షణ ఇచ్చినట్లు మాత్రమే తెలుపుతుంది. కొనేవారు గమనించవలసిన అంశాలు ఇవి.

* పత్రంపై ఉన్న మైక్రోచిప్ సంఖ్య, తల్లి శరీరంలోని చిప్ సంఖ్య ఒకటేనా. రీడర్ యంత్రముతో చూపించమని అడగవచ్చును.
* తండ్రి వేరే ఊరిలో ఉన్నట్లయితే దాని పత్రాల నకలు, వంశావళి సంఖ్య ఉన్నవా.
* ఏ వ్యాధికి, ఏ జన్యువుకు పరీక్ష జరిగినదో స్పష్టంగా ఉన్నదా. ఉత్త "ఆరోగ్యము" అన్న మాట చాలదు.
* ప్రయోగశాల పేరు, తేదీ ఉన్నవా. కంటి పరీక్ష తేదీ ఏడాది లోపుదేనా.
* "తల్లిదండ్రులు నిర్దోషులు కనుక ఇది కూడా నిర్దోషి" అని వ్రాసి ఉంటే ఆ పరీక్ష ఎన్ని తరాల క్రిందట జరిగినది. పుట్టుక రికార్డులలో ఒక్క పొరపాటు జరిగినా తరువాతి తరాల వారసత్వ హోదా అంతా తప్పవుతుంది. రెండు తరాలకొకసారి మరలా పరీక్షించుట క్షేమము.
* తల్లిని పిల్లలతో కలిపి చూపిస్తున్నారా.

పత్రాలు లేనిచోట కొనేవారు తమ ఖర్చుతో పిల్లకే జన్యు పరీక్ష చేయించమని కోరవచ్చును. అందుకు పెంపకందారు అంగీకరించకపోతే ఆ పిల్లను వదలివేయుట మేలు.

పరిమితులు

జన్యు పరీక్షలు తెలిసిన దోషాలను మాత్రమే పట్టుకోగలవు. అన్ని పరీక్షలలోను నిర్దోషిగా తేలిన తల్లిదండ్రులకు పుట్టిన పిల్లకు కూడా చెవి వ్యాధులు, చర్మ వ్యాధులు, మూర్ఛ, కణితులు రావచ్చును. స్వభావము, వాసనశక్తి, పని పట్ల ఆసక్తి ఈ పరీక్షలలో తెలియవు. వాటిని తల్లిదండ్రులు పని చేస్తుండగా చూచి తెలుసుకోవాలి. అయినప్పటికీ అంధత్వము, మూత్రపిండ వైఫల్యము వంటి కొన్ని వ్యాధులను ఒక చిన్న నమూనాతో పుట్టుకకు ముందే నివారించగలుగుట ఈ పరీక్షల వలన కలిగిన ప్రయోజనము.

ఇవి కూడా చూడండి

* కుక్క
* జన్యుశాస్త్రము
* గ్రెగర్ మెండెల్
* నీటికాసులు
* కృష్ణానగర్